ఎముక ఎవరి హక్కు?

ఇంట్లో పాలు అర లీటరే ఉన్నాయి. కొడుకూ కూతురూ ఇద్దరూ ఎదిగే వయసులో ఉన్నారు. కొడుక్కి గ్లాసు నిండా పోసి, కూతురికి టీలో కలిపిన నాలుగు చుక్కలతో సరిపెట్టే తల్లి అన్యాయం చేసినట్టా? ఆమె తనకోసం ఆ నాలుగు చుక్కలు కూడా ఉంచుకోదు. దాన్ని మనం త్యాగం అంటాం. జవాబు చెప్పే ముందు ఎముక ఎలా తయారవుతుందో కాస్త తెలుసుకుందాం.

మా తగరపువలస పక్కగా పారే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. ఆ గుహల్లో నీరు సున్నపురాయిని కరిగించి, బొట్టుబొట్టుగా మళ్ళీ రాయిగా పేరుస్తుంది. ఆ రాతిలో ఉన్న కాల్షియమే మన ఎముకలోనూ ఉంది. అయితే గుహలో రాయి దానంతటదే పేరుకుంటుంది. ఎముకను మాత్రం కణాలు కడతాయి. తల్లి గర్భంలో చాలా ఎముకలకు ముందుగా చెవి దొప్పలాంటి మెత్తటి మృదులాస్థితో అచ్చు తయారవుతుంది. ఎనిమిదో వారం నాటికి ఎముకను కట్టే కణాలు పనికి దిగుతాయి. అవి మాంసకృత్తుల పోగులతో వల అల్లితే, ఆ వలలో కాల్షియం, భాస్వరం లవణాలు చేరి గట్టిపడతాయి. మూమినూన్ సూరాలో అల్లాహ్ మానవ సృష్టి దశలను తెలుపుతూ ఎముకలను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. (దాన్ని సైన్సు పుస్తకంతో సరిపోల్చి గెలిచామనుకునే ఉత్సాహం మనవాళ్ళలో ఎక్కువే. ఇక్కడ మా ఉద్దేశం అది కాదు.)

పుట్టాక కూడా ఈ పని ఆగదు. కొన్ని కణాలు పాత ఎముకను తొలుస్తుంటే, మరికొన్ని కొత్తది పూడుస్తుంటాయి. పెద్దవారిలో సుమారు పదేళ్ళలో అస్థిపంజరం మొత్తం మారిపోతుంది. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి రక్తంలో కొద్దిపాటి కాల్షియం ఉండి తీరాలి. అది తగ్గితే శరీరం ఎముకను కరిగించి తీసుకుంటుంది, మనల్ని అడగదు. పాలిచ్చే తల్లి ఎముక సాంద్రత 3 నుంచి 5 శాతం వరకు తగ్గుతుంది. బిడ్డ పాలు మానిన కొన్ని నెలలకు సాధారణంగా ఆ లోటు పూడుతుంది. పూడ్చడానికి సరుకు మాత్రం ఆమె తినే పళ్ళెంలో నుంచే రావాలి.

అసలు చిక్కు వయసులో ఉంది. ఎముకల గట్టిదనంలో దాదాపు 90 శాతం ఆడపిల్లలకు 18 ఏళ్ళకు, మగపిల్లలకు 20 ఏళ్ళకు సమకూరిపోతుంది. ముప్ఫై దాటాక ఖర్చే తప్ప పెద్దగా జమ ఉండదు. తోటివారి సొమ్ము తీసుకున్నవాడు తౌబా చేసుకుంటే చాలదు, ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలని మనకు తెలుసు. పదమూడేళ్ళ పిల్లకు దక్కకుండా పోయినదాన్ని యాభయ్యో ఏట, తుంటి విరిగాక, ఎవరు ఏ రూపంలో తిరిగి ఇస్తారు?

“ఆడపిల్లే తనంతట తాను అన్నకు వదిలేసింది, అది ఈసార్” అని కొందరు అంటారు. ఈసార్ గొప్ప గుణమే. కానీ తనదని ముందుగా తన చేతికి ఇచ్చినదాన్ని వదులుకుంటేనే ఈసార్. అడగడానికే అవకాశం లేని పిల్ల మౌనం త్యాగం కాదు. నోమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి తన సంతానంలో ఒక్కరికే కానుక ఇచ్చి సాక్షిగా ఉండమంటే దైవప్రవక్త (స) నిరాకరించారు. గ్లాసెడు పాలు కానుకకంటే చిన్నవా?

తల్లి విషయంలోనూ ఫిఖహ్ పండితుల మాట వినదగ్గది. గర్భిణి, పాలిచ్చే స్త్రీ రమజాన్ ఉపవాసం మాని తర్వాత పూర్తి చేసుకోవచ్చన్నప్పుడు, బిడ్డకు హాని భయం ఉంటేనే అనలేదు. తనకు హాని భయం ఉన్నా సరేనన్నారు. ఆమె ఒళ్ళు కూడా అల్లాహ్ అమానతే. దాన్ని అరగదీసి చూపించాల్సిన అవసరం లేదు.

ఎండ సంగతి మరో మాట. ఎండ వల్ల చర్మంలో తయారయ్యే విటమిన్ ‘డి’ లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. ఎండలు మండే మన రాష్ట్రంలోనే, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2000ల దశకంలో జరిపిన పరిశీలనల్లో ఈ విటమిన్ లోపం విస్తారంగా కనబడింది. పర్దా దీనికి అడ్డు కానక్కర్లేదు. మేడ మీదనో, తడిక కట్టిన పెరట్లోనో చేతులు, కాళ్ళు కాసేపు ఎండకు పెట్టవచ్చు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ మాత్రం పనికిరాదు.

పాలు కొనే స్తోమత లేదనేవారికి చోళ్ళున్నాయి. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే పాలలో సుమారు 120. పాలలోది ఒంటికి తేలిగ్గా పడుతుందన్నది నిజమే. అయినా పేదల తిండని మనం వదిలేసిన అంబలి తక్కువదేమీ కాదు. ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళూ అంతే.

ప్రశ్న తల్లికి వేశాం గానీ, షరీఅత్ ప్రకారం ఇంటిల్లిపాది పోషణ తండ్రి బాధ్యత. ఆ అర లీటరు ఎవరి గ్లాసులో ఎంత పడిందో చూడవలసింది ఆయన. చాలా ఇళ్ళలో ఆ వేళకు ఆయన బయట టీ తాగుతూ ఉంటాడు.