వ్యాపారము పెట్టనా? ఒక యౌవనస్థుని ప్రశ్న

ధ్యాన భాగము: లూకా 14:28-30



క్రిందటి నెలలో ఒక సాయంకాలము మన సంఘపు యౌవనస్థుడొకడు మా యింటికి వచ్చెను. అతడు బి.కాం. ముగించి, రెండేండ్లు పట్టణములో ఒక దుకాణమున లెక్కలు వ్రాసినవాడు. "అయ్యగారూ, ఊళ్లో కారం, పసుపు ఆడించే మర పెట్టి, పొట్లాలు కట్టి అమ్ముదామనుకుంటున్నాను. ఆరు లక్షలు కావాలి. నాన్న ఎకరమున్నర తాకట్టు పెడతానన్నాడు. అమ్మ ఏడుస్తోంది. ఇది దేవుని చిత్తమో కాదో ప్రార్థన చేసి చెప్పండి" అని అడిగెను.

నేను వెంటనే ప్రార్థనకు కన్నులు మూయలేకపోతిని. మరియొక ఊరిలో పనిచేయు దినములలో నేను చేసిన తప్పిదము జ్ఞాపకమునకు వచ్చినది. అక్కడ ఒక చదువుకొన్న కుఱ్ఱవాడు ఎరువుల దుకాణము తెరచినప్పుడు నన్ను పిలిచిరి. రిబ్బను కత్తిరించి, ప్రార్థించి, తప్పక వర్ధిల్లునని అందరియెదుట చెప్పితిని. అతడు రైతులకు అరువిచ్చెను. ఆ ఏడు వానలు లేవు, బాకీలు రాలేదు. రెండవ ఏట దుకాణము మూతబడెను. తల్లి మెడలోని గొలుసు అమ్మి కొంత అప్పు తీర్చిరి. కుఱ్ఱవాడు గుడికి వచ్చుట మానెను. నేను అతని యింటికి వెళ్లలేదు. ఏమి చెప్పవలెనో తోచక వెళ్లలేదని అప్పుడు అనుకొంటిని. నా మాట తప్పిపోయెనని సిగ్గుపడి వెళ్లలేదు, అదే నిజము.

కావున ఈసారి దేవుని చిత్తము ఇదియని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ప్రభువు గోపురము కట్టగోరువానిగూర్చి చెప్పినప్పుడు, వాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని బోధించెను. సూచకక్రియ కొరకు ఆకాశము వైపు చూడుమని అక్కడ చెప్పలేదు. లెక్క చూచుకొనుట అవిశ్వాసము కాదు. అదియు విశ్వాసి చేయవలసిన పనియే.

మేమిద్దరము అరుగుమీద కూర్చుండి కాగితము తీసితిమి. ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఆరు లక్షలకు నెలకు 12,000 రూపాయలు, ఏడాదికి 1,44,000 రూపాయలు. కిలోకు 60 రూపాయలు మిగులునని అతని అంచనా. అనగా నెలకు 200 కిలోలు అమ్మినగాని వడ్డీయే తీరదు. అసలు అట్లే నిలిచియుండును. "ఆ 60 రూపాయలు కారములో రంగు కలుపకుండనే మిగులునా?" అని అడిగితిని. అతడు నవ్వలేదు. "కలపకపోతే నలభై" అనెను. నమ్మకముగా నడచుటకు అయ్యెడి ఖర్చుకూడ క్రైస్తవుని లెక్కలో ముందుగానే వ్రాయవలెను. వ్రాయనివాడు తరువాత అప్పులవాని భయముచేత రంగు కలుపును.

ఇంతకంటె పెద్ద ప్రశ్న ఒకటి మిగిలినది. ఆ ఖర్చు ఎవరిది? ఈ కాలమున కొందరు తలాంతుల ఉపమానము చూపి, పూడ్చిపెట్టినవాడు శిక్షింపబడెను గనుక అప్పుచేసియైనను తెగించుమని యౌవనస్థులను పురికొల్పుచున్నారు. మత్తయి 25వ అధ్యాయము నెమ్మదిగా చదువుడి. ఆ ధనము యజమానునిది. అతడు తెలిసియే ఇచ్చెను, ఎవని సామర్థ్యము చొప్పున వానికి ఇచ్చెను. ఆ దాసులలో ఎవడును తల్లి గొలుసుతో వ్యాపారము చేయలేదు. పనికి భయపడుట సోమరితనము. తలిదండ్రుల అన్నము పోవునేమోయని భయపడుట ప్రేమ. ఈ రెంటిని ఒకే పేరుతో పిలువరాదు. పూటబడువానిని సామెతలు 22:26-27లో జ్ఞాని హెచ్చరించెను. చెల్లింపలేనివాని పరుపును అప్పిచ్చినవాడు తీసికొనిపోవునని ఆ హెచ్చరిక. తండ్రి కుమారునికొరకు పొలము తాకట్టు పెట్టినప్పుడు అతడే పూటబడినవాడు.

నేను వ్యాపారమునకు విరోధిని కాను. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కూడ డేరాలు కుట్టెను (అపొ. కార్య. 18:3). ఆ చేతులే తన అవసరములను తనతో నున్నవారి అవసరములను తీర్చెనని తరువాత చెప్పగలిగెను. సర్కారు ఉద్యోగమే దేవుని దీవెనయని తలంచి, పరీక్షలకు చదివించుచు కుమారుని ఆరేడేండ్లు పట్టణములో కూర్చుండబెట్టు తలిదండ్రులును లెక్క చూచుకొనవలెను. ఆ కాలము, ఆ కోచింగు రుసుములు కూడ ఖర్చే. అదియు ఒకొకప్పుడు పొలము అమ్మి పెట్టిన ఖర్చే.

అయితే వ్యాపారము ఎక్కడ మొదలు పెట్టవలెను? 2 రాజులు 4వ అధ్యాయములోని విధవరాలిని చూడుడి. ఆమెయు అప్పులలో నుండెను. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియుండెను. ఎలీషా ఆమెను మొదట అడిగినది, ఇంటిలో ఏమున్నదని. ఉన్నది నూనె కుండ ఒక్కటే. ఆమె ఇరుగుపొరుగువారియొద్ద ఎరవు తెచ్చుకొన్నది ఒట్టి పాత్రలు మాత్రమే. నూనె అమ్మి మొదట అప్పు తీర్చవలెను, మిగిలినదానితో బ్రదుకవలెను. ఈ వరుస మన పిల్లలు మరువరాదు.

అదే ప్రశ్న నేనును అడిగితిని. అతని యింటిలో ఉన్నవి ఇవి: లెక్కలు వ్రాయు చేయి, తల్లి కారమునకు ఊరిలో నున్న మంచి పేరు, ఒక పాత మోటారు సైకిలు, జీతములో మిగిల్చిన 40,000 రూపాయలు. మర ఆ లెక్కలో లేదు, కాని పట్టణములో కూలికి ఆడించెడి మరలున్నవి. ముందు ఇరువది కిలోలు ఆడించి, పొట్లాలు కట్టి అమ్మి చూడవచ్చును గదా. రెండవసారి అడిగి కొనువారు ఎందరో తెలిసిన తరువాత మర కొనవచ్చును. అప్పటికి అప్పు కావలసివస్తే, 2015లో ఆరంభమైన ముద్రా పథకము చిన్న వ్యాపారులకు తాకట్టు లేని అప్పులిచ్చుటకే ఏర్పడినది. అదియు తిరిగి చెల్లింపవలసిన అప్పే. అయినను తండ్రి పొలము దానిలో చిక్కుకొనదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన శిక్షణాలయము మాదిరిగా, మన జిల్లాలలోను బ్యాంకుల ఆధ్వర్యమున స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడచుచున్నవి. అక్కడ శిక్షణ ఉచితము. మర కొనకమునుపు అక్కడికి వెళ్లుట మేలు.

మరియొక లెక్క ఉన్నది. వ్యాపారము నిలిచి వర్ధిల్లినను, దాని ఖర్చు ఎవరు మోయుచున్నారు? నర్సాపురపు లేసు అల్లిక పంతొమ్మిదవ శతాబ్దములో మిషనరీలు మన స్త్రీలకు నేర్పిన పని. పేదలకు ఆధారముగా మొదలైనది. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ స్త్రీలనుగూర్చి 1982లో ఒక గ్రంథము వెలువరించెను. దినమంతయు ఇంటిలో కూర్చుండి అల్లువారికి దక్కినది బహు కొద్ది కూలి యనియు, వర్తకులు ధనవంతులైరనియు దానిలో చూపెను. మంచి యుద్దేశముతో మొదలైన పనియు, లెక్క చూచువాడు లేనప్పుడు, బలహీనుల వ్రేళ్లమీద నడచును. రేపు మన యౌవనస్థుని మరలో మిరపకాయల తొడిమలు తీయు స్త్రీలు ఉందురు. వారి కూలి ముందుగా అతని కాగితములోనికి ఎక్కవలెను.

అప్పుడు మేము ప్రార్థించితిమి. వర్ధిల్లునని నేను చెప్పలేదు. అతడు మరునాడు తండ్రితో పొలము పత్రములు పెట్టెలోనే ఉంచుమని చెప్పెనట. ఇప్పుడు ఒక రైసు మిల్లులో లెక్కలు వ్రాయుచు, శనివారము సాయంకాలములు పొట్లాలు కట్టుచున్నాడు. మొదటి ఇరువది కిలోలలో పదునాలుగు అమ్ముడైనవి. ఇది నిలుచునో లేదో నాకు తెలియదు.

గోపురము ముగింపలేనివానిని చూచువారందరు ఎగతాళి చేయుదురని ప్రభువు చెప్పెను. ఆ చూచువారిలో మనము ఉండకూడదు. దుకాణము తెరచునాడు మనమందరము వెళ్లి, మిఠాయి తిని, ఫోటో దిగుచున్నాము. మూయునాడు ఎవరు వెళ్లుచున్నారు? నేను మొన్న ఆ పాత ఊరికి వెళ్లి వచ్చితిని. ఎరువుల దుకాణము పెట్టినవాడు ఇప్పుడు ఆటో నడుపుచున్నాడు. క్షమించుమని అడిగితిని. అతడు చాలసేపు మాటలాడలేదు, తరువాత టీ తెప్పించెను. అతని తల్లి లోపలినుండి బయటకు రాలేదు.

కావున సంఘస్థులారా, మీ పిల్లలు వ్యాపారమని చెప్పినప్పుడు వద్దని కసరకుడి, తెగించుమని త్రోయకుడి. వారితోకూడ కూర్చుండి లెక్క చూడుడి. నిలిచినను పడినను వారి గడప తొక్కుటకు ప్రభువు మనకు సిగ్గు విడిచిన మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.