‘మేము’ అనే చాటు

“హమ్ బోలే తో కౌన్?” అని ఆమె అడిగింది. మేము అంటే ఎవరు అని. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఆ చిన్న ప్రశ్నకి జవాబు తోచలేదు.

పాతబస్తీ తలాబ్‌కట్టలో ఓ ఇరుకు గల్లీ, ఒకటే గది. బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, గాజుగా చుట్టి, వేడి తగ్గేలోగా రాళ్లు అద్దుతుంది ఆమె. ఆ గాజులే లాడ్‌బజార్ దుకాణాల్లో దీపాల కింద మెరుస్తుంటాయి. నేను ఆపా అని పిలిచే ఆమె చేతివేళ్ల మీద కాలిన మచ్చలు మాత్రం ఏ దుకాణంలోనూ కనిపించవు.

మా పరిశోధక బృందం ఒక సంచిక తెస్తుంది. తలా ఒక రచన ఇస్తాం, అందరం కలిసి దిద్దుతాం, కింద ఎవరి పేరూ ఉండదు. బృందం పేరే ఉంటుంది. రచన ప్రమోషన్ కోసం లెక్కపెట్టుకునే పాయింటు కాకూడదని మేం పట్టుదలగా పెట్టుకున్న నియమం అది. ఆపా గురించి రెండు పేజీలు నేను రాశాను. “నాం నక్కో లిఖో బేటా” అన్నది కాబట్టి పేరు రాయలేదు. కానీ గల్లీ మొదట్లో చేతిపంపు పక్క ఇల్లని రాశాను. దళారీ డజనుకి ఎంత కోస్తాడో రాశాను. అవి లేకపోతే రచనకి ప్రాణం ఉండదనుకున్నాను.

ఒక సమావేశంలో పెద్దావిడ ఒకరు ఆ రచనని మెచ్చుకున్నారు. అది నేను రాసిందేనని చెప్పాలని నాలుక మీదిదాకా వచ్చింది. బలవంతాన ఆపుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకి ఆపా ఇంటికి వెళ్తే కుంపటి చల్లగా ఉంది. బస్తీలో పంచిన సంచిక ప్రతిని ఎవరో దళారీకి చదివి వినిపించారట. ఆ వివరాలతో ఇల్లు పోల్చుకోవడం అతనికెంత సేపు? నెల రోజులుగా పని ఇవ్వడం లేదు. ఎవరు రాశారని ఆపా అడిగింది. “మేము రాశాం” అన్నాను. పొగడ్త దగ్గర గొంతు దాకా వచ్చిన ‘నేను’ అప్పుడెక్కడికి పోయింది?

ఆ రాత్రి ఒక పుస్తకం మళ్లీ తీశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. రచయిత స్థానంలో ఉన్నది సంఘటన పేరే. లోపల మాట్లాడినవాళ్లకి మాత్రం ఎవరి గొంతు వాళ్లదే: మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ, మన నగరం నుంచి జమాలున్నీసా బాజీ. విన్నవాళ్లు వెనక్కి తగ్గి, చెప్పినవాళ్లని ముందుంచారు. 1989లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పేరు ‘వియ్ వర్ మేకింగ్ హిస్టరీ’. ఆ ‘వియ్’ పోరాడిన స్త్రీలది. తెలుగు పేరులోని ‘మన’ వేరు. ఆ చరిత్ర తెలియనివాళ్లలో రాసినవాళ్లూ ఉన్నారు, చదివే మనమూ ఉన్నాం. తెలియనితనాన్ని కూడా పంచుకున్న ‘మన’ అది.

మన భాషలో ‘మేము’ అంటే ఎదుటి మనిషి బయట ఉంటుంది. ‘మనం’ అంటే లోపలికి వస్తుంది. దక్కనీలోనూ ఆ తేడా ఉంది: హమ్ వేరు, అపన్ వేరు. ఆపాని గుమ్మం బయట నిలబెట్టిన ‘మేము’ నాది. ఆమెకి పేరు లేకపోవడం రక్షణ కోసం. నాకు పేరు లేకపోవడం ఆదర్శం కోసం. రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఆమె దొరికిపోయింది, నేను దొరకలేదు.

అలాగని సమష్టి రచన తప్పంటానా? అనలేను. ఒక్కదాన్నే రాసినా చేతిపంపు వచ్చేదేమో. అయితే ఆ వాక్యాన్ని బృందంలో ఆరుగురం చదివాం. అందరం చూశాం కదా అన్న ధీమాతో ఎవరమూ సరిగా చూడలేదు. మెప్పు పంచుకుంటే తరుగుతుంది, మంచిదే. బాధ్యత పంచుకుంటే ఎవరి వాటా వాళ్లకి పూర్తిగా మిగలాలి. మా విషయంలో అదే ఆవిరైపోయింది.

బృందంలో ఈ మాట పెట్టాను. పేర్లు వేస్తే ఎవరి పేరు ముందన్న తగువు మొదలవుతుందని ఓ స్నేహితురాలు అడ్డుపడింది. ఆమె భయం అబద్ధం కాదు. చివరికి రచన బృందానిదే అయినా, ఎవరు వెళ్లి విన్నారో, ఎవరు రాశారో కింద ఒక వరుస ఉండాలనుకున్నాం. అచ్చుకి ముందు చెప్పిన మనిషికి ఆమె భాషలో చదివి వినిపించాలనీ అనుకున్నాం. పేర్ల వరుస సంగతి ఇంకా తేలలేదు.

ఆపాకి పని తిరిగి దొరికింది, వేరే దళారీ దగ్గర, ఇంకా తక్కువకి. తిరగరాసిన కాగితాలు పట్టుకెళ్లి చదివాను. రెండు వాక్యాలు తీసేయమంది. లక్క ధర పెరిగిన సంగతి కలపమంది. ముందు అచ్చయినదీ నేనే రాశానని అప్పుడు చెప్పాను. తలెత్తకుండానే “మాలూమ్” అంది.

ఆమె నోట ‘అపన్’ అన్న మాట వినాలని మనసులో ఎక్కడో ఉంది. ఆమె అనలేదు. అనాలని ఆశించే హక్కు నాకింకా రాలేదు.