కొన్నది మనదేనా?

నా మనుమడు అంతర్జాలపు అంగడిలో సొమ్ము చెల్లించి యొక ఆటను కొనెను. రాత్రియెల్ల దింపుకొనుచుండగా, ముగియవచ్చిన తరుణమున అది తెగిపోయెను. "తాతయ్యా, సొమ్ము మాత్రము తెగకుండ పోయినదే!" యని వాపోయెను.

గుమాస్తాగా విక్రయపత్రములను, కౌలు కాగితములను వ్రాసినవాడను. రెంటికిని గల భేద మెరుగుదును. అంగడి నిబంధనలు చదువగా అది కౌలు. మీటపై మాత్రము 'కొనుము' అని యున్నది. 2014లో వెలువడిన 'ది క్రూ' అను ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు నిలిపివేయగా, వెల యిచ్చినవారికిని అది ఆడరానిదయ్యెను. శాశ్వతముగా దింపుకొనరాని సరకు అనుమతి మాత్రమే యని కొనువారికి స్పష్టముగా తెలుపవలెనని కాలిఫోర్నియా శాసనము 2025 నుండి విధించినది.

తెలిపిన చాలునా? సరకు చేతికందువరకు అమ్మినవాడు ఋణస్థుడే. కౌలును కౌలనుట సత్యము. అమ్మితినన్నచో కొన్నవాని చేత నిలుచునట్లిచ్చుట ధర్మము.