ఊరుకోవడం

ఉప్పలపాడు చెరువు గట్టెక్కేసరికి ఇంకా వెలుగు పరుచుకోలేదు. చెట్లు కనపడకముందే రెట్టల ఘాటు ముక్కుకు తగిలింది. గుంటూరు పక్కనే ఉన్నా, మిరప చేను వదిలి బాబాయ్ ఇటు రావడం ఇదే మొదలు.

దగ్గరి తుమ్మ మీద గూడబాతు నోరు తెరిచింది. పిల్ల తన తలను తల్లి గొంతులోకి దూర్చేసింది. మెడ దాకా మాయం.

"అదేంట్రా, మింగేస్తోందా?"

"తింటోంది బాబాయ్. తల్లి గొంతులో సగం అరిగిన చేప ఉంటుంది."

"ఈ చెరువు చేపేనా?"

"ఇంత చిన్న చెరువు ఇన్ని నోళ్ళకు చాలదు. దూరం పోయి తెస్తాయి. ఇక్కడికొచ్చేది కాపురానికే."

"మరి ఊరు వీటికి ఇచ్చిందేముంది?"

"ఊరుకుంది. రాయి వెయ్యలేదు, గుడ్లు తియ్యలేదు."

"ఊరుకోవడం కూడా ఒక పనేనా? నేను చేలో ఊరుకుంటే కలుపు పెరుగుద్ది."

"ఒక్కడు ఊరుకుంటే బద్ధకం. ఊరంతా ఏళ్ళ తరబడి ఊరుకోవాలంటే, ప్రతి ఇంట్లో పిల్లాడి చేతిలో రాయిని ఎవరో ఒకరు కింద పెట్టించాలి. 'ఊరుకోవడం' అన్న మాటలోనే ఊరుంది."

బాబాయ్ ఒప్పుకోలేదు. నీళ్ళలో నిలబెట్టిన ఇనుప కొమ్మల వైపు చెయ్యి చూపించాడు. వాటి మీద ఎర్రకాళ్ళ కొంగలు వరసగా కూర్చున్నాయి. "అవి ఊరుకుంటే మొలిచాయా?"

నిజమే. రెట్టలకు చెట్లు మాడిపోతాయి, వాలడానికి చోటు చూపించాలి. నీళ్ళు ఇంకిపోతే గూళ్ళ కిందికి కుక్కలొస్తాయి, చెరువు ఎండకుండా చూడాలి. నా వాదం సగానికి తగ్గింది.

కాసేపాగి మళ్ళీ అడిగాడు: "ఆ చేప ఎక్కడిదన్నావు?"

"ఏ కాలవదో, ఏ చెరువుదో."

మన చేలో కొట్టిన మందు వానకి పోయేదీ కాలవలోకే. అది ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అప్పుడు అర్జెంటీనా సంగతి చెప్పాను. ఉత్తర అమెరికా నుంచి చలికాలానికి అక్కడికి వలస వెళ్ళే గద్దలు 1995-96లో వేలకు వేలు పొలాల్లో చచ్చిపడ్డాయి. మిడతల మీద కొట్టిన మోనోక్రోటోఫాస్ వాటిని చంపింది. ఆ మందు పేరు మన పత్తి రైతులకు కొత్త కాదు.

"అక్కడా ఎవరూ రాయి వెయ్యలేదు బాబాయ్."

"పురుగొస్తే మరి? అప్పెవరు తీరుస్తార్రా?"

నా దగ్గర జవాబు లేదు. కౌలు కట్టే మనిషి అడిగిన ప్రశ్న అది. పక్షుల మీద ప్రేమ ఒక్కటే దానికి సరిపోదు.

ఎండ చెట్ల మీదికి వచ్చింది. గూడబాతు రెక్కలు విప్పి, బరువుగా లేచి, ఊరు దాటి పోయింది. అది కనుమరుగయ్యేదాకా బాబాయ్ చూస్తూనే ఉన్నాడు.

"షాపువాడు చెప్పాడని కొట్టను. చేలో తిరిగి, పురుగు కనపడితేనే కొడతా," అన్నాడు.

ఉప్పలపాడు చూడాలనుకునేవాళ్ళు చలికాలంలో పొద్దున్నే వెళ్ళండి. గట్టు మీద గొంతు తగ్గించండి. పత్తి, మిరప వేసినవాళ్ళు మందు కొట్టిన ట్యాంకును మాత్రం కాలవలో కడగకండి.