పొన్నగంటి ఆకు - పత్రార్పణము

పొలము గట్లమీద, కాలువల యొడ్డున, చెరువు దిగువ చెమ్మనేలలయందు పొన్నగంటి తనంత తాను మొలచును. దానిని విత్తువారు లేరు. నీరు పోయువారు లేరు. నేలనంటి పాకుచు, కణుపు కణుపున వేళ్లూని, ఎదురెదురుగా ఆకులను, ఆకుల మొదళ్లలో చిన్న తెల్లని పూగుత్తులను తాల్చును. కంటికి మేలు చేయునని పెద్దలు దానిని పప్పులో వండి పెట్టుదురు.

గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు, భక్తితో అర్పించిన ఆకునైనను, పువ్వునైనను, పండునైనను, నీటినైనను స్వీకరింతునని అభయమొసగెను. ఇచట రెండు సందేహములు పొడమును. ఎవరును విత్తని ఆకును కోసి తెచ్చి "నేను సమర్పించితిని" అనుట ఎట్లు చెల్లును? ఆకుతోనే స్వామి తృప్తుడగునేని, కలిగినవాడు అంతకు మించి ఏల ఈయవలెను?

రైతు పండించిన ధాన్యమున మాత్రము రైతు చేసినదెంత? దున్నుట, నాటుట, కాచుట అతనివి. వానయు, ఎండయు, నేలయు, గింజలోని ప్రాణమును అతనివి కావు. ధాన్యమున మరుగుపడిన ఈ సత్యము పొన్నగంటియందు తేటపడుచున్నది. సమస్తమును స్వామి సొత్తు. జీవునిది అర్పించు బుద్ధి యొక్కటియే. కనుక కోయుటలోను ధర్మము కలదు. శుచియైన తావున కోయవలెను. వేళ్లతో పెరుకక లేత కొనలనే గిల్లవలెను. అప్పుడది మరల చిగురించును. వెనుక వచ్చు పేదరాలికి కొంత విడువవలెను. స్వామి సొత్తును దోచి స్వామికే పెట్టుట నివేదనము కానేరదు.

రెండవ సందేహమును అక్షయపాత్ర కథ తీర్చును. వనవాసమున దుర్వాసుడు శిష్యసమేతుడై వచ్చునప్పటికి ద్రౌపది భోజనము ముగిసినది, పాత్ర రిక్తమైనది. దాని కంఠమున అంటియున్న శాకాన్నలేశమును ఆరగించి శ్రీకృష్ణుడు తృప్తుడు కాగా, స్నానమునకేగిన మునుల ఆకలియు తీరెను. ఆ పాండవులే రాజసూయమున ఆ స్వామికి అగ్రపూజ సలిపిరి. కలిగిననాడు కలిమికి తగినట్లు, లేనినాడు మిగిలిన మెతుకును ఆకును అర్పించిరి. రెండును పూర్ణములే. కలిగియుండియు ఆకుతో సరిపుచ్చుటను పెద్దలు విత్తశాఠ్యమనిరి. పేదకు పూర్ణార్పణమైన ఆకే లోభికి సాకు కారాదు.

మాధ్వ గృహములయందు చాతుర్మాస్యమున తొలి నెల శాకవ్రతము పాటింతురు. వానలకు గట్లన్నియు పచ్చబడి ఆకు ఊరకే దొరకు కాలమది. వెల లేని ఆకునైనను స్వామికొరకు విడుచుట అర్పణమే. అర్పణమునకు విలువ నిచ్చునది వస్తువు కాదు, మమకార త్యాగము.

గట్టున వంగి ఆకు గిల్లు గృహిణికి "ఇది నాది" అను తలపునకు ముందే "ఇది స్వామిది" అను తలపు కలుగునేని, పొయ్యి చేరకముందే ఆమె నివేదనము ఆరంభమైనట్లే.