తెలియక చేసిన హాని హింసయగునా?

2020వ సంవత్సరము మార్చి నెలాఖరున బెంగుళూరు మారతహళ్ళిలోని వసతిగృహములు చాలవరకు ఖాళీ అయ్యెను. అందలి కుర్రవాండ్రలో పెక్కుమంది తెలుగుసీమనుండి కొలువులకై వచ్చినవారు. ఒంటిలోని జ్వరము దాచుకొని బస్సెక్కి, ఇంటనున్న ముసలితల్లికి రోగమంటించినవాడు దోషియా, కాదా? దగ్గుచున్న గుమాస్తాను గల్లాపెట్టెవద్ద కూర్చుండబెట్టిన వర్తకుని మాట యేమి? చీమను దాటి అడుగువేయువాడు, నీరు వడగట్టి త్రాగువాడు సైతము ఈ ప్రశ్నకు తడుముకొనక జవాబు చెప్పలేడు.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. 1918 జూన్ నెలలో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఓడలవెంట బొంబాయి రేవున దిగి, రైలుమార్గములవెంట దేశమంతట ప్రాకెను. మొదటి విడత తేలికగానే పోయెను. సెప్టెంబరులో లేచిన రెండవ విడతయే ప్రాణములు తీసినది. ఆ యేడు వానలు లేవు. ధాన్యము ధర మండిపోవుచుండెను. ముసలివారికంటె 20–40 ఏండ్ల నడుమవారే ఎక్కువగా పోయిరి. ఈ దేశమున మృతులు కోటి ఇరువదిలక్షలకు తక్కువ కాదని, రెండు కోట్ల వరకు నుండవచ్చునని పరిశోధకుల అంచనా. నేటి భారతదేశపు మేరకు జనాభా 1911లో సుమారు 25.20 కోట్లుండగా 1921లో 25.13 కోట్లకు దిగెను. జనాభా లెక్కలు మొదలైనది లగాయతు అట్లు తగ్గిన దశాబ్దము మరియొకటి లేదు.

బెంగుళూరుకు 1898 నాటి ప్లేగు అనుభవముండెను. మల్లేశ్వరము, బసవనగుడి పేటలు పెరిగినది ఆ ప్లేగు తరువాతనే. ఎలుకలు రాలిన ఇల్లు విడిచి ఊరిబయట పాక వేసికొనుట ప్లేగుకు విరుగుడు. ఈ జ్వరము అట్టిది కాదు. ఇది ఇంటిలోగాక మనిషిలో నుండును గనుక, పారిపోవువాడే దానిని వెంట మోసికొనిపోవును.

రోగకారణము అప్పుడు నిశ్చయముగా ఎవరికిని తెలియదు. వైద్యులు ఒక బాక్టీరియాను అనుమానించిరి. మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరసు 1933లోగాని చిక్కలేదు. తెలియనివానికి పాపమేమి యని వాదింపవచ్చును. కాని రోగి దగ్గరకు పోయినవాడు పడకెక్కుచున్నాడని పామరునికి సైతము కనబడుచునే యుండెను. తెలియకపోవుట వేరు, తెలిసికొననొల్లకపోవుట వేరు. జైనశాస్త్రము హింసకు మూలము ప్రమాదమనుచున్నది. వాడుకలోని అపాయమను అర్థమున గాదు, ఏమరుపాటను అర్థమున.

గృహస్థునకు నాలుగు విధములైన హింసలు చెప్పబడినవి. సంకల్పించి చేయునది కూడదు. ఇంటిపనులలో, జీవనవృత్తిలో, ఆత్మరక్షణలో జరుగునవి పూర్తిగా విడువ శక్యముగానివి. వీనిలో ఉద్యోగీ హింస వర్తకులకు మిక్కిలి ఇష్టమైన గొడుగు. అంగడి మూసిన బ్రతుకెట్లు? నిజమే. కాని ఆ సడలింపు జాగ్రత్తపడిన పిదప మిగిలిన హింసకేగాని, జాగ్రత్తకు కావలసిన ఖర్చు మిగుల్చుకొనుటకు గాదు. కూలివాని సంగతి వేరు. ఒకనాడు పని మానిన పొయ్యి వెలుగనివాడు జ్వరముతో మూటలు మోసినయెడల, ఆ హింసను వాని ఖాతాలో వ్రాయరాదు. నాలుగుదినముల కూలి చేతబెట్టి ఇంటికి పంపని యజమాని పద్దున వ్రాయవలెను.

2020లో కొందరు ముహపత్తిని చూపి, పెద్దలకు రోగక్రిముల సంగతి ముందే తెలియునని గర్వపడిరి. అది అతిశయోక్తి. ముహపత్తి గాలియందలి సూక్ష్మజీవులకు బాధ కలుగకుండుటకు. మాస్కు మనుష్యులకు రోగమంటకుండుటకు. అయినను నోటినుండి వెలువడుదానికి ఆ నోరుగలవాడే పూచీ యను తలంపు రెంటియందును కలదు.

ఏమరుపాటు వెల యెంతయో ఆ 1918లోనే పసిఫిక్ సముద్రమందలి సమోవా దీవులలో తేలెను. నవంబరు 7న న్యూజీలండునుండి తలూనే అను ఓడ పశ్చిమ సమోవాలోని ఆపియా రేవు చేరెను. అందు జ్వరపీడితులుండిరి, అయినను ప్రయాణికులను దిగనిచ్చిరి. ఆ దీవులు అప్పుడు న్యూజీలండు సైనికపాలనలో నుండెను. సుమారు 8,500 మంది, అనగా అయిదుగురిలో ఒకరికి మించి, మరణించిరి. పొరుగుననున్న అమెరికా సమోవాలో గవర్నరు పోయర్ వచ్చు ఓడలకు అడ్డుకట్ట వేసెను. అచ్చట ఆ జ్వరముతో ఒక్కరును చావలేదు. వైరసు పేరు పోయర్‌కును తెలియదు. 2002లో న్యూజీలండు ప్రధాని హెలెన్ క్లార్కు ఆపియాకు పోయి, ఆ ఓడ విషయమై సమోవా ప్రజలను క్షమాపణ కోరెను. అప్పటికి 84 ఏండ్లు గడచినవి.