స్నేహము – నిర్మలత

లోపల ఏమియు లేనందున గాజు పారదర్శకమైనదని మనము తలంతుము. అది నిజము కాదు. గాజు తనయంత పరిమాణము గల నీటికంటె సుమారు 2.5 రెట్లు బరువు. కంటికి కనిపించు కాంతి తెచ్చు శక్తి గాజులోని ఎలక్ట్రానులను పై మెట్టున కెక్కించుటకు చాలదు. కనుక గాజు ఆ వెలుగును గ్రహింపక సాగనిచ్చును. ఇనుములోని ఎలక్ట్రానులు స్వేచ్ఛగా సంచరించుచు ఎంత స్వల్పశక్తికైనను చలించును. అందుచేత దానిలో వెలుగు సాగదు.

అయితే ఒక వింత కలదు. అదే గాజును మెత్తగా నూరిన తెల్లని పొడియై, ఆవలి వస్తువును కనబడనీయదు. పదార్థము మారలేదు, మాలిన్యము చేరలేదు. రేణువుల నడుమ గాలి చేరినది. ప్రతి అంచునను వెలుగు కొంత వెనుదిరిగి, కొంత వంగి, దారి తప్పును. పటికబెల్లపు పలుకు తేటగా నుండ, దాని పొడి తెల్లబడుటయు నిందుకే.

ఆ గాజుపొడిలో నూనె పోయుడు. గాజునందును నూనెయందును వెలుగు ఇంచుమించు ఒకే వేగమున నడచును గనుక అంచులు అంతగా అడ్డుకావు. పొడి తేటపడును. సంస్కృతమున నూనెకును ప్రేమకును స్నేహమనియే పేరు గదా!

ఒక యింట అందరును మంచివారే. అయినను ఒకరి మనస్సు ఒకరికి కానరాదు. అప్పుడు మనము వారి స్వభావమునే నిందింతుము. దోషము పదార్థమున నున్నదా, నడిమి ఎడములందున్నదా యని ముందుగా విచారింపవలదా? నూనె రేణువులను అతుకదు. అవి వేరుగనే యుండును. అయినను వెలుగు సాగును. విడిపోయినవారు మరల ఒక్కటి కాలేకపోయినను, వారి నడుమ స్నేహము నిలువవచ్చును.